దుఃఖం సారూ, తునికాకు తుక్కూ

బాన్సువాడలో బొమ్మలు వేసేవాళ్లు అంతకు ముందూ ఉన్నారు. పెళ్లింటి గోడకు ఏనుగులు వేసినవాళ్లున్నారు, బండి చక్రాలకు రంగులద్దినవాళ్లున్నారు. కానీ బొంబాయి వాళ్లు పెట్టే డ్రాయింగు పరీక్షకు కూర్చుని, చిన్నదీ పెద్దదీ రెండూ పాసై, ముద్ర వేసిన కాగితంతో ఊళ్లో దిగిన మొదటి మనిషి మాత్రం బీర్కూరు కిష్టయ్య కొడుకు ఆశన్నే. ఈ మాట ఎవరి ముందైనా గట్టిగా చెప్పవచ్చు.

ఆశన్న చదువు బీర్కూరులో ఒక అయ్యగారి అరుగు మీద మొదలైంది. ఇసుక పరిచి 'అ' దిద్దమంటే, ఈయన ఎదురుగా కునికిపాట్లు పడుతున్న అయ్యగారి ముక్కునూ మీసాన్నీ దిద్దాడు. అయ్యగారు కళ్లు తెరిచి, చెవి మెలిపెట్టి, ఆ తర్వాత ఒంగి ఇసుకలోకి చూశాడు.

"వారీ, ఉన్నదున్నట్టు దించినవ్ గదరా!" అన్నాడు.

చెవి నొప్పి ఆ సాయంత్రానికే పోయింది. 'దించినవ్' అన్న మాట మాత్రం ఆశన్నకు తలకెక్కి అక్కడే ఉండిపోయింది. కంటికి ఎదురుగా ఉన్నదాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కాగితం మీదికి దించడమే విద్య, మిగిలిందంతా పిల్లలాట అని నమ్మాడు. నమ్మినట్టే దించాడు కూడా. తహసీల్దారు సాబు మొఖం దించితే, ఆయన బేగం పరదా వెనక నుంచే చూసి, గడ్డం కింది పుట్టుమచ్చ కూడా మరవలేదని పళ్లెం నిండా ఖర్జూరాలు పంపించింది. నిజాంసాగర్ కాలువ తూము గీసిస్తే ఇంజినీరు దొర అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాడు. రుద్రూరు వ్యవసాయ ఫారం వాళ్లు వరికంకి బొమ్మ వేయించుకున్నప్పుడు, వర్ని నుంచి వచ్చిన ఒక ఆంధ్రా రైతు దాన్ని చూసి, "ఇదుగోనండీ, ఇక్కడ ఈ గింజ తాలుపోయినట్టు వేశారు, తప్పు" అన్నాడు. ఆశన్న తాను చూసి వేసిన కంకినే తెచ్చి పక్కన పెట్టాడు. కంకిలోనూ అదే చోట తాలుగింజ ఉంది. రైతు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడట.

ఈ ముచ్చట్లన్నీ ఆశన్న సారే స్వయంగా, ఒక్కొక్క వేలూ మడుస్తూ చెప్పేవాడు. చాయ్ హోటల్లో కొత్త మనిషి కూర్చుంటే చాలు, చిటికెన వేలు మడత పడేది. హోటలు పక్కనే క్షౌరం చేసే భూమన్న, "సారు వేళ్లు మడుస్తుండు, ఇగ మన చాయ్ సల్లారుడే" అని నవ్వేవాడు. నవ్వినా, గొప్పకు గొప్పే. ఎవరూ కాదనలేదు.

అంత గొప్ప మనిషికి సర్కారు బడిలో దొరికింది మాత్రం కచ్చా నౌకరీ. జిల్లా బడులన్నీ తనిఖీ చేసే పెద్ద అధికారిని మొహతమీం సాబ్ అనేవాళ్లు. ఆయన ఏటా వచ్చి, డ్రాయింగు గంట ఉండాలంటే ఉంటుంది, అక్కర్లేదంటే ఆ గంట లెక్కల మాస్టరుకు పోతుంది, ఆశన్న బీర్కూరు పోతాడు. పైగా అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు, బట్ట దొరకదు, ధరలు మండిపోతున్నాయి. ఆశన్న భార్య లచ్చవ్వ బీడీలు చుట్టడానికి కూర్చుంది.

కూర్చుంది గానీ, తలుపు మూసుకుని కూర్చుంది. అది ఆశన్న పెట్టిన షరతు. తహసీల్దారు సాబు మొఖం దించిన మాస్టరు పెళ్లాం ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తున్నదని బజారుకు తెలిస్తే ఇంకేముంది? వీధి తలుపు మూసి, చీకట్లో కళ్లు చికిలించుకుంటూ చుట్టి, కట్టలు కొంగు కింద దాచుకుని దొడ్డిదారిన కార్ఖానాకు తీసుకుపోయేది. "గాలి రాక సస్తున్న, జర తలుపు తెరువరాదు" అని ఎన్నోసార్లు అడిగింది. ఆశన్న విననట్టు ఊరుకునేవాడు.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం హైదరాబాదులో డ్రాయింగు మాస్టర్లకు శిక్షణ పెట్టారు. అక్కడ ఒక కుర్ర చిత్రకారుడు విదేశాల నుంచి తెప్పించిన అచ్చుబొమ్మలు గోడకు గుచ్చాడు. వాటిలో చెట్టు లేదు, మనిషి లేడు, కుండ లేదు. వాలిన నల్లమచ్చ ఒకటి, దాన్ని కోస్తూ మూడు గీతలు, కింద మూలన చిన్న సున్నా.

"గిది దేని బొమ్మ సార్?" అని నల్గొండ మాస్టరు ఒకాయన అడిగాడు.

"దేనిదీ కాదు. దుఃఖం అని పేరు పెట్టారు. చూస్తే మీ లోపల ఏం కదిలిందో అదే దాని అర్థం. పిల్లలతో కూడా ఇలా చేయించండి. వాళ్ల చేతులతో చేయనివ్వండి, అప్పుడే తెలుస్తుంది" అన్నాడు చిత్రకారుడు.

ఆశన్న లోపల ఏమీ కదల్లేదు. చుట్టూ అందరూ తలలు ఊపుతున్నారు. రెండు పరీక్షలు పాసైనవాడు అర్థం కాలేదని ఎలా చెప్తాడు? అందరికంటే ఒక ఊపు ఎక్కువే ఊపాడు. ఊపి, తనకు వచ్చిన విద్య ఏదో అదే చేశాడు. స్కేలూ వృత్తలేఖినీ పెట్టి, ఆ దుఃఖాన్ని ఉన్నదున్నట్టు దించుకున్నాడు. మచ్చ వాలు తప్పలేదు, సున్నా జరగలేదు. పక్కవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

జూన్‌లో బడి తెరవగానే నల్లబల్ల మీద ఆ బొమ్మ వేశాడు.

"ఇది కొత్త పద్ధతి. పట్నంల నేర్చుకొని వచ్చిన. దీని పేరు దుఃఖం. దించుండ్రి!"

పిల్లలు దించారు. రెండు వారాలు పలకల మీదా కాగితాల మీదా అదే దించారు. మచ్చ పెద్దదైతే ఒక దెబ్బ, గీత వంకరైతే ఒక దెబ్బ. తరగతిలో గోప్యా అని ఒక లంబాడీ పిల్లవాడు ఉండేవాడు. తండా నుంచి పొలం గట్ల మీద నడిచి వచ్చేవాడు, మాట తక్కువ. వాడి పలక మీద మచ్చ లేదు, గీతలు లేవు. సున్నా ఒక్కటే ఉంది. అది కూడా మూలన కాదు, పలకంతా నిండిపోయేంత పెద్దది.

"ఏందిరా ఇది?"

"దుఃఖం సార్."

"బల్ల మీద గిట్లున్నదా?"

గోప్యా బల్ల వంక చూశాడు. "మా యాడి ఏడిస్తే గట్లుండది సార్. గిట్లుంటది" అన్నాడు. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ.

తరగతి కిసుక్కుమంది. ఆశన్నకు ఒళ్లు మండింది. హైదరాబాదులో అర్థం కాకుండానే ఊపిన తల అది. దాన్ని ఒక పోరడు పట్టేసినట్టు అనిపించింది.

"తండా కెల్లి వచ్చి నాకు నేర్పుతవురా? సిగ్గూ శరం లేదా?" అని రూలుకర్ర అంచుతో వాడి వేళ్ల మీద కొట్టాడు. గోప్యా ఏడవలేదు. చేతులు రెండూ చంకల్లో దాచుకుని బెంచీ ఎక్కి నిలబడ్డాడు. ఆ రోజు నుంచి డ్రాయింగు గంటలో ఆ చేతులు బయటికి రాలేదు.

వానలు మొదలైన వారంలో మొహతమీం సాబ్ వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్లటి గడ్డం, జిల్లా అంతా తిరిగీ తిరిగీ తెలుగు బాగానే పట్టుబడ్డవాడు. గోడకు వరసగా అతికించిన బొమ్మల ముందు నిలబడి ఒకటి చూశాడు, రెండోది చూశాడు, నడుచుకుంటూ చివరిదాకా పోయి వెనక్కి వచ్చాడు. అన్నీ ఒక్కటే. ఆశన్న ఛాతీ ఉబ్బించుకుని ఉన్నాడు.

"గిదేంది?" అని మొదటి బెంచీ పిల్లవాణ్ని అడిగాడు.

"దుఃఖం సాబ్!"

"గిది?"

"దుఃఖం సాబ్!" తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది.

మొహతమీం సాబ్ కాసేపు నవ్వు ఆపుకున్నాడు. ఆగలేదు. "ఇంతమందికీ ఒక్కటే దుఃఖమా మాస్టర్? అది కూడా ఒక్కటే కొలతనా?"

కిటికీ దగ్గర నిలబడ్డ లెక్కల మాస్టరు నవ్వాడు. పిల్లలు నవ్వారు, ఎందుకో తెలియకపోయినా.

"మాస్టర్, నీకు గిది సమజైందా?"

ఆశన్న నోటికి వచ్చింది చెప్పాడు. "సాబ్, నేను బొంబాయి పరీక్ష చిన్నది పాస్, పెద్దది పాస్. తహసీల్దారు సాబు మొఖం..." చిటికెన వేలు దానంతటదే మడత పడింది.

"నేను గది అడగలె."

వేలు మడత పడ్డది పడ్డట్టే ఉండిపోయింది.

"మామిడిపండును చూసి దించితే దించుడు. దీన్ని సుత దించితే ఎట్ల? ఇగ వరికోతలైనంక మళ్ల వస్త. గప్పటికి గీ పిల్లలు తలకొక్కటి తమది అని చూపియ్యాలె. లేకుంటే గీ గంట లెక్కలకు ఇస్త." అంతే చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి బజారంతా పాకింది. పిల్లలు గోలీలు ఆడుతూ "దుఃఖం సాబ్!" అని కేకలు పెడుతున్నారు. ఆశన్న సందులు చుట్టి తిరిగిపోయినా భూమన్న కంట పడనే పడ్డాడు.

"ఏం దుఃఖం సారూ! ఇయ్యాల ఇటు కెల్లి పోతున్నవ్? చాయ్ తాగవా? వేళ్లు మడిచే పని లేదా?"

ఆశన్న తల ఎత్తలేదు. చెప్పుల చప్పుడు కూడా బయటికి రాకుండా నడిచాడు. ఆనాటి నుంచి బాన్సువాడలో ఆయన పేరు దుఃఖం సారు. 'ఆశన్న సారు ఇల్లేది' అంటే తెల్లమొఖం వేసేవాళ్లు, 'దుఃఖం సారు' అంటే వేలు పెట్టి చూపించేవాళ్లు.

చాలా రోజులు ఆయన బడికి వెళ్లి, గంట మోగేదాకా నల్లబల్ల తుడుస్తూ నిలబడి, ఇంటికి వచ్చేవాడు. కాగితాలు కూడా రావడం ఆగిపోయింది. రంగులైతే యుద్ధం మొదలైనప్పుడే పోయాయి. ఒక ఆదివారం మూసిన తలుపు వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లచ్చవ్వ తడిపిన తునికాకు మీద కొలత రేకు పెట్టి చుట్టూ కత్తిరిస్తున్నది. రేకు కొలతకు వచ్చిన నలుపలకల ముక్క చాటలో పడుతున్నది, మిగిలిన తుక్కు నేల మీద పడుతున్నది.

ఆశన్న ఊరికే వేలితో తుక్కును కదిపాడు. ఒకటి కొడవలిలా వంగింది. ఒకటి తోకలా సాగింది. ఒకటి చీలిపోయి, ఈనె మాత్రం మిగిలింది. వాటితో ఒక మొఖం పేర్చుదామని చూశాడు. ముక్కు కుదిరితే గడ్డం కుదరదు. ఆవును చేద్దామంటే కొమ్ము వంపు ఎటో పోతుంది. ఈ ముక్కలు దేన్నీ దించనివ్వవు. ఏ రెండూ ఒక్కలా లేవు. ఎలా ఉన్నవాటిని అలాగే ఎక్కడో ఒకచోట పెట్టాల్సిందే. విసుగొచ్చి పెద్ద ముక్కను దూరంగా తోశాడు. చిన్నవన్నీ ఇవతల కుప్పగా ఉన్నాయి, అదొక్కటే అవతల. దాన్ని చూస్తుంటే లెక్కల మాస్టరు నవ్వూ, బజారూ, సందులూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. లోపల ఏదో కదిలింది. హైదరాబాదులో కదలనిది ఇక్కడ కదిలింది.

"జరుగు, ఊడ్వాలె" అన్నది లచ్చవ్వ.

"ఊడ్వకు."

"చెత్త మీద సుత కూసుంటవా ఇగ?" అని చీపురు పక్కన పడేసి లోపలికి పోయింది.

మరునాడు తరగతిలో చెప్పాడు. "రేపటి నుంచి కాగితం లేదు, పెన్సిలు లేదు. తునికాకు తుక్కు కావాలె. ఎవలింట్ల బీడీలు చేస్తరో వాళ్లు తెచ్చుండ్రి."

బీడీ కార్ఖానాలో కట్టలు తీసుకునే వెంకట్రాములు కొడుకు భూమేష్ లేచి నిలబడ్డాడు. వాడికి నోరు పెద్దది గానీ మనసులో కుళ్లు లేదు. "సార్, మీ ఇంట్లనే మస్తుంటది గద సార్! లచ్చవ్వ కట్టలు మా నాయిన కాడికే వస్తయి" అన్నాడు.

ఆశన్న చెవులు కాలాయి.

"మా ఇంట్ల ఎవ్వలు బీడీలు చెయ్యరు. కూసో!"

భూమేష్ నోరు తెరిచి, మూసి, కూర్చున్నాడు. వెనక బెంచీలో గోప్యా చంకల్లో చేతులతోనే సారు మొఖం వంక చూశాడు. ఆ చూపు ఆశన్నకు తగిలింది.

ఆ మాట కార్ఖానాకు చేరడానికి ఒక్క పూట పట్టింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చాట గోడకు ఆనించి ఉంది. లచ్చవ్వ దీపం కూడా పెట్టలేదు.

"ఇగో, ఒక్క మాట అడుగుత. మన ఇంట్ల ఎవ్వలు బీడీలు చెయ్యరన్నవట?"

ఆశన్న కండువా తీసి కొయ్యకు తగిలించాడు. తీసి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"కార్ఖానాల పోసవ్వ అందరి ముంగట నవ్వింది. 'దుఃఖం సారు ఇంట్ల ఎవ్వలు లేరట, మరి గీ కట్టలు దయ్యం చుట్టిందా లచ్చవ్వా' అన్నది."

"పిల్లల ముంగట... ఏం చెప్పాల్నో..."

"చీకట్ల కూసోమన్నవ్, కూసున్న. దొడ్డి కెల్లి పొమ్మన్నవ్, పోయిన. ఇయ్యాల అసలు నేనే లేకుండ పోయిన." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "నా చేతులు జూడు. ఇవి ఎవ్వలియి?"

తంబాకు పట్టి గోధుమరంగుకు తిరిగిన వేళ్లు. ఆశన్న వాటిని చూడలేక గడప వైపు చూశాడు. లోకంలోని మొఖాలన్నీ పుట్టుమచ్చతో సహా దించినవాడు, తన పెళ్లాం చేతులు ఏ రంగులో ఉన్నాయో ఆనాటిదాకా చూడలేదు.

తెల్లవారి తుక్కంతా గంపలోకి ఎత్తాడు. లచ్చవ్వ అడ్డు రాలేదు, సాయమూ చేయలేదు. వీధి తలుపు బార్లా తెరిచి, గంప భుజాన పెట్టుకుని, సందుల్లోంచి కాకుండా బజారు నడుమ నుంచి నడిచాడు. భూమన్న ఎవరి గడ్డానికో కత్తి ఆనించి ఆగిపోయాడు.

"ఏంది సారూ, గంపల?"

"తునికాకు తుక్కు. మా లచ్చవ్వ కత్తిరించింది" అన్నాడు ఆశన్న. అనగలిగాడు, అనేసి గబగబా నడిచాడు. భూమన్న దగ్గర ఆ పూటకు జోకు లేకపోయింది.

తరగతిలో మొదట భూమేష్ వైపు తిరిగి, "నువ్వు చెప్పిందే నిజంరా. నేనే అబద్ధం చెప్పిన" అన్నాడు. వాడు ఏం చేయాలో తెలియక "పర్వలేదు సార్" అన్నాడు. పిల్లలకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత ముక్కలు నేల మీద గుమ్మరించాడు.

"పొద్దుగాల మీ అమ్మ వాకిట్ల ముగ్గేస్తది. ఎవలన్న వచ్చి, 'గిది దేని బొమ్మ' అని అడుగుతరా?"

"అడగరు సార్."

"ఎందుకు?"

"ముగ్గు ముగ్గే గద సార్!"

"గంతే. ఈ గంటల ఇగ బొమ్మ అనే మాట బంద్. బొమ్మ అంటే దేనిది, ఎవలది అని అడగవడ్తం. గట్ల అడగొద్దు. కండ్లు మూసుకోండ్రి. రేకుల మీద వాన పడుతున్నది, ఇంటున్నరా? వానను చెయ్యొద్దు. ఆ సప్పుడును చెయ్యుండ్రి."

బియ్యప్పిండి ఉడికించిన లై, పాత ఉర్దూ అఖ్బారు కాగితాలు, తునికాకు తుక్కు. అంతే సామాను. మొదటి రోజు భూమేష్ వాన చప్పుడని చెప్పి గొడుగు చేశాడు. రెండోసారి మోటారు బస్సు చేశాడు. "సప్పుడు సార్, బస్సు సప్పుడే గద!" అని వాదించాడు. ఆశన్న రూలుకర్ర కోసం చేయి చాపి, దాన్ని ఇంట్లోనే వదిలేసి వచ్చానని గుర్తు తెచ్చుకుని, చేయి వెనక్కి తీసుకున్నాడు. మెల్లమెల్లగా దారిలో పడ్డారు. ఆకలి చేయమన్న రోజున కాగితం నడుమ ఏమీ అంటించకుండా, చుట్టూ మాత్రం ముక్కలు అంటించి తెచ్చాడొకడు. చలి చేయమన్న రోజున భూమేష్ ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కించి కుప్ప చేసి, "పండుకున్నం సార్" అన్నాడు. ఆశన్న ఎవరినీ ఇది తప్పు అనలేదు. అనడానికి ఎదురుగా చూసి దించే వస్తువేదీ లేదు. ఉంటే పోల్చవచ్చు, దిద్దవచ్చు, కొట్టవచ్చు. లేకపోయేసరికి, పక్కన కూర్చుని చూడటం తప్ప మాస్టరుకు పని లేకుండా పోయింది.

ఒక్క గోప్యాయే ముట్టలేదు. గంపలో మంచి ముక్కలు ఏరి వాడి ముందు పెట్టేవాడు ఆశన్న. గంట అయ్యేదాకా అవి అక్కడే ఎండేవి. చేతులు చంకల్లోనే. 'తప్పయిందిరా' అనాలని నాలుక చివరిదాకా వచ్చేది. భూమేష్‌తో అన్నది వీడితో అనలేకపోయాడు. ఎందుకంటే అక్కడ అబద్ధం ఒక్కటే. ఇక్కడ దెబ్బతో పాటు 'తండా' అన్న మాట కూడా ఉంది. దెబ్బకు మందు ఉంటుంది. ఆ మాటను ఏం చేయాలి?

వరికోతలయ్యాయి. మొహతమీం సాబ్ వచ్చాడు. వస్తూనే పక్క తరగతిలో ఎవరో మాస్టరు "సిగ్గూ శరం లేదారా!" అని అరవడం విన్నాడు. గోడకు అతికించినవాటి వంక చూడలేదు.

"గవి మీరు ముందే చేయించిపెట్టినయి. నా ముంగట చేయించు. నేను చెప్పిందే చేయించు." గడ్డం నిమురుకున్నాడు. "శరం. చెయ్యుండ్రి చూస్త."

పిల్లలు ముక్కల మీద పడ్డారు. ఆశన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గోప్యాను కొట్టిన రోజు తాను అన్న మాటే అది. వెనక బెంచీ వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు.

గోప్యా చేతులు బయటికి తీశాడు.

ఎడమ చేతి వేళ్ల మీద పాత దెబ్బ నల్లగీతలా ఉంది. వాడు తొందరపడలేదు. గంపలోకి వంగి ఏరి ఏరి తీశాడు. వంకర ముక్కలన్నీ కాగితానికి ఒక పక్కన, మొనలన్నీ ఒకే దిక్కుకు చూసేలా అంటించాడు. అవతలి అంచున ఒకే ఒక ముక్క పెట్టాడు. పొడుగ్గా, నిట్టనిలువుగా, రేకు ఆనించి కోసిన తిన్నటి అంచుతో ఉంది. రూలుకర్రలా ఉంది. చెప్తాడు, ఇప్పుడు మొహతమీం ముందు అంతా చెప్తాడు అనుకున్నాడు ఆశన్న. చెప్పాలి కూడా అనుకున్నాడు.

గోప్యా ఆ పొడుగు ముక్కను తీసి, తిప్పి, బోర్లా అంటించాడు. తునికాకు వెనకవైపు పాలిపోయి ఉంటుంది. అన్ని ముక్కలూ ముదురు రంగు, అదొక్కటే వెలవెలబోతూ, అంచు దాటి పారిపోబోతున్నట్టు సగం బయటికి ఉంది.

ఆశన్నకు అర్థమైంది. దెబ్బ తిన్నవాడి శరం కాదు అది. కొట్టినవాడిది. ఇన్ని నెలలుగా తాను దాచుకున్నాననుకున్నది ఈ పిల్లవాడికి కనబడుతూనే ఉంది.

మొహతమీం సాబ్ బెంచీలు చూసుకుంటూ వచ్చి అక్కడ ఆగాడు. ఈసారి ఏ ఇద్దరివీ ఒక్కలా లేవు. గోప్యాది చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగున్నది. ఎవలిది గీ శరం? నీదా?"

గోప్యా తల ఎత్తి ఆశన్న వంక చూశాడు. ఆశన్న చూపు తిప్పుకోలేదు. చెప్పరా అన్నట్టు తల కొంచెం వంచాడు.

"ఎవలది గాదు సాబ్" అన్నాడు గోప్యా. "ఉత్త శరం."

"వాహ్!" మొహతమీం సాబ్ ఆశన్న వైపు తిరిగాడు. "ఇంటున్నవా మాస్టర్? ఎవలది గాదట! నేను గిదే అడిగిన. గంట నీదే. నౌకరీ పక్కా చేయిస్త."

లెక్కల మాస్టరు వచ్చి చేయి కలిపాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. బొంబాయి పరీక్షల కంటే, ఖర్జూరాల పళ్లెం కంటే పెద్ద గెలుపు అది. బాన్సువాడ బడికి ఆనాడు దక్కిన డ్రాయింగు గంట తర్వాత కూడా పోలేదు. ఆశన్న మాత్రం ఎవరి వైపూ చూడలేకపోయాడు.

బడి విడిచాక గోప్యాను గేటు దగ్గర ఆపాడు.

"ఎందుకట్ల చెప్పినవ్ రా? ఇది మా సారు శరమని చెప్తే అయిపోవు గద."

"మీరే గద సార్ చెప్పిన్రు" అన్నాడు వాడు, ఇంత చిన్న సంగతి సారుకు తెలియదా అన్నట్టు. "ఎవలది అని అడగొద్దని."

ఆశన్న వాడి ఎడమ చేయి అందుకున్నాడు. నల్లగీత మీద బొటనవేలు ఆనించాడు. "నొస్తుందా?"

"అప్పుడు నొచ్చింది సార్."

"తండా అన్న గద. ఆ మాట తప్పురా. కొట్టుడు సుత తప్పే."

గోప్యా చేయి లాక్కోలేదు. కొంచెంసేపు ఉంచి, "పొద్దు గూకుతుంది సార్, పోత" అని మెల్లగా విడిపించుకుని గట్ల మీదికి ఎక్కాడు. క్షమించాడో లేదో ఆ నడకలో తెలియలేదు.

ఖాళీ గంపతో ఇంటికి వచ్చేసరికి వీధి తలుపు తెరిచే ఉంది. లచ్చవ్వ గడప వెలుగులో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"సాబ్ ఏమన్నడు?"

"ఉంచిండు. పక్కా అయితదట."

"మరి మొఖమేంది గట్లున్నది?"

ఆశన్న కండువా దులిపి గడప మీదే, దారినపోయేవాళ్లందరికీ కనబడేలా, ఆమె పక్కన కూర్చున్నాడు. నేల మీది తుక్కు ఏరి గంపలో వేయడం మొదలుపెట్టాడు. అప్పటికే ఊరంతా వార్త తెలిసింది. భూమన్న క్షౌరపు పొది చంకలో పెట్టుకుని అటుగా పోతూ ఆగాడు.

"ఏం దుఃఖం సారూ! గెలిచినవట గద! ఇగ ఏ వేలు మడుస్తవ్?"

ఆశన్న వేళ్లు తుక్కులో ఉన్నాయి. వాటిని పైకి తీయలేదు.

"ఇయ్యాల దుఃఖం గాదు భూమన్నా" అన్నాడు. "శరం."

భూమన్న నవ్వబోయి, లచ్చవ్వ మొఖం చూసి, ఏమనుకున్నాడో ఏమో, పొది సర్దుకుని వెళ్లిపోయాడు. లచ్చవ్వ ఇంకో ఆకు తీసి రేకు పెట్టింది.